పేరు కొట్టేసుకున్న ఎకానమీ మేడమ్

మొన్నొక ఆదివారం నేనూ మా ఆయనా ఫ్లాటు చూడటానికి ఆజామాబాద్ వెళ్ళాం. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటి లోపలికి తిరిగితే వచ్చే పాత ఫ్యాక్టరీల వాడ అది. సేల్స్ ఆఫీసులో ఏసీ చల్లగా ఉంది. గాజు పెట్టెలో అట్టతో చేసిన టవర్లు, వాటి మధ్య స్పాంజి చెట్లు. టై కట్టుకున్న ఒకతను మా చేతికి జ్యూసిచ్చి, క్లబ్‌హౌసు ఎక్కడొస్తుందో, ఈతకొలను ఎక్కడొస్తుందో చూపిస్తున్నాడు.

"ఇక్కడ ఇంతకుముందు ఏముండె?" అని అడిగాను. ఏముండేదో నాకు తెలుసు. తెలిసే అడిగాను.

"ఏం లేకుండె మేడమ్. ఖాళీ జాగ, పిచ్చిచెట్లు. మేం తీసుకున్నంకనే డెవలప్‌మెంట్ జరిగింది."

జ్యూసు గ్లాసు బల్లమీద పెట్టి లేచాను. మా ఆయన వెనకే వచ్చి, "ఏమైంది, నచ్చలేదా?" అన్నాడు. ఫోను తీసి, ఒకప్పుడు నాకు పాఠం చెప్పినామె నంబరు కలిపాను. చాలా రోజులకు చేస్తున్నాను. ఈ మాట ఆమెకు చెప్పి, ఆమె అవతలి నుంచి ఎట్ల లేస్తుందో వినాలనిపించింది.

ఫోను ఆమె చెల్లెలు ఎత్తింది. "అక్క పోయింది గద బిడ్డా. చలికాలంల. నీకు ఎవరు చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళకు గుర్తుండాలి కదా. ఆమె దగ్గర చదివి ఇవాళ ఎమ్మార్వోలు, ఎస్సైలు అయినవాళ్ళు ఎంతమందో ఉన్నారు. ఆమె పాఠాన్ని రెండుసార్లు అమ్ముకోవాలని చూసినవాడి కోచింగ్ సంస్థకు ఇప్పుడు నాలుగు బ్రాంచీలు. ఆమె పోయిన సంగతి మాత్రం చిక్కడపల్లి గల్లీ దాటి రాలేదు.

"ఎవరు?" అన్నాడు మా ఆయన.

"మా ఎకానమీ మేడమ్" అన్నాను. ఎండలో రోడ్డుమీద నిలబడి అంతకంటే చెప్పలేకపోయాను.

*

జనగామ దగ్గరి మా ఊరి నుంచి నేను వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో చేరింది రెండువేల పదిలో. తెలంగాణ ఉద్యమం రోజులు. ఒక రోజు క్లాసైతే ఒక రోజు బంద్. అయినా గ్రూప్స్ రాయాలని ఊళ్ళ నుంచి వస్తున్న పిల్లలకు లెక్కలేదు. ఏ మేడ చూసినా హాస్టల్, ఏ గోడ చూసినా కోచింగ్ పోస్టరు. మా సంస్థ ఒక టైల్స్ దుకాణం పైన ఉండేది. రేకుల కప్పు కింద పెద్ద హాలు, చివరి వరసలో కూర్చున్నవాళ్ళకు టీవీలు.

మిగతా సార్లందరూ మైకు నోటికి ఆనించి జోకులు చెప్పేవాళ్ళు, పంటల పేర్లు, పథకాల పేర్లు పాటలు కట్టి పాడించేవాళ్ళు. ఎకానమీ మేడమ్ రాగానే మైకు తీసి బల్ల సొరుగులో పెట్టేసేది. సన్నటి మనిషి, యాభై దాటి ఉంటుంది. నూలు చీర, కొంగు బొడ్లో దోపుకుని, ఇల్లు కడగటానికి వచ్చినట్టు నిలబడేది. మైకు లేకుండా మాట్లాడితే వినపడాలంటే హాలంతా ఊపిరి బిగబట్టాలి. బిగబట్టేది కూడా.

కోపమొస్తే కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకునేది. అవి లేకపోతే ఆమెకు మా మొహాలు ఆనవు. మొహాలు కనిపిస్తే కోపం తగ్గుతుందని భయమేమో అని సుజాత అనేది. సుజాత నా రూమ్మేటు, సిరిసిల్ల పిల్ల.

మొదటి రోజు సుజాతను లేపి, నోట్సులో ఉన్నది చదవమంది. "హైదరాబాద్ నగరంలో తొంభైల తర్వాత అభివృద్ధి జరిగింది" అని చదివింది సుజాత.

అద్దాలు చేతిలోకి వచ్చాయి.

"జరుగుడేంది? వాన పడ్డట్టు మొగులుమీదికెళ్ళి పడ్డదా? ఎవరో చేసిండ్రు. ఎవరు చేసిండ్రు, ఎవరి పైసతోని చేసిండ్రు, ఎవరి భూమిల చేసిండ్రు? అది చెప్పనోడే జరిగింది అని రాస్తడు. 'మిల్లు మూతపడింది' అంటడు. మిల్లుకు కండ్లున్నయా మూసుకునేటందుకు? మూసిండ్రు బిడ్డా. మనుషులు మూసిండ్రు."

ఆ తర్వాత మేం ఆమె క్లాసులో 'జరిగింది' అనే మాట వాడితే ఒట్టు. మెస్సులో కూర మాడితే కూడా, "మాడింది కాదు, మాడగొట్టిండ్రు" అని నవ్వుకునేవాళ్ళం.

ఆమె పాఠం వేరేగా ఉండేది. నిజాం కాలంలో కరెంటు ఎందుకొచ్చింది, రైలు ఎవరి లాభం కోసం వేశారు, పట్నం నడిబొడ్డున ఫ్యాక్టరీలకు సర్కారు స్థలం ఎట్ల లీజుకిచ్చింది, స్వాతంత్ర్యం వచ్చినంక సనత్‌నగర్, బాలానగర్ దిక్కు కేంద్రం పెద్దపెద్ద కర్మాగారాలు ఎందుకు పెట్టింది, అన్నీ బోర్డుమీద బొమ్మ గీసి చెప్పేది. "మందుల కంపెనీలు మా తెలివి, మా తెలివి అని ఛాతి గుద్దుకుంటరు. ఆ తెలివి ఎక్కడ నేర్చిండ్రు? సర్కారు మందుల ఫ్యాక్టరీల జీతం తీసుకుంట నేర్చిండ్రు. నేర్పిన ఫ్యాక్టరీ తుప్పు పట్టింది. నేర్చుకున్నోళ్ళు ఇప్పుడు సర్కారు ఫ్యాక్టరీలు దండుగ అని మాట్లాడుతరు." ఇది చెప్పేటప్పుడు ఆమె గొంతు పెరిగేది కాదు. ఇంకా తగ్గేది. అందుకే ఎక్కువ భయం వేసేది.

*

ఒక ఆదివారం పొద్దున, ఇష్టమున్నవాళ్ళు రండి అని మమ్మల్ని నడిపించుకుంటూ ఆజామాబాద్ తీసుకుపోయింది. సందులు, గోడలు, గోడల వెనక రావి మొక్కలు మొలిచిన షెడ్లు. ఒక తుప్పు గేటు ముందు ఆగింది. వాళ్ళ నాయన పనిచేసిన ఇనుప సామాన్ల కార్ఖానా అదట.

"ఇక్కడ సైరన్ మోగితే చిక్కడపల్లిల అన్నం దించేటోళ్ళు" అంది. "దసరాకు బోనసొస్తే, ఆ బోనసు ఈ గేటులకెళ్ళి బయటికొచ్చి, నారాయణగూడ మీదికెళ్ళి నడుసుకుంట సుల్తాన్ బజార్ పోతుండె. ఆడ చీర అయితుండె, గిన్నె అయితుండె, పిల్లల బూట్లు అయితుండె. దుకాణపాయన పిల్లగాని ఫీజు అయితుండె. ఎకానమీ అంటే ఇది. నీ పుస్తకంల గీతలు కాదు."

"మరి ఎందుకు మూసిండ్రు మేడమ్?" అడిగాడొక అన్న.

"నష్టాలొచ్చినయన్నరు. చిత్రమేందంటే, భూమి ధర పెరిగినంకనే నష్టాలొచ్చినయి. మిషన్ల కన్న మిషన్ కిందున్న మట్టే ఎక్కువైంది వాళ్ళకు. పనోళ్ళను పంపిచ్చిండ్రు, గేటుకు తాళమేసిండ్రు, ఇప్పుడు కూసొని చూస్తున్నరు."

లోపలి నుంచి వాచ్‌మన్ వచ్చి ఇక్కడ నిలబడొద్దని కసిరాడు. ఆమె కదిలింది. కొంత దూరం పోయాక ఆగి, "మా నాయన గేటు ముందట నిలబడితే కూడ కసిరేటోనికి జీతమిచ్చి పెట్టిండ్రు చూడు" అంది. మాకు ఇరానీ చాయ్ తాగించి హాస్టల్ దాకా వచ్చి వదిలి వెళ్ళింది.

ఆమె ఇల్లు చిక్కడపల్లిలోనే, లైబ్రరీకి దగ్గర్లోని గల్లీలో. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలితో కలిసి ఉండేది. ఒకసారి బంద్ రోజు పోలీసులు పిల్లల్ని తరుముతూ గల్లీలోకి టియర్ గ్యాస్ కొట్టారు. కళ్ళు మండుతూ ఏ తలుపు కొడుతున్నామో తెలియక కొడితే అది ఆమె తలుపు. తడి తువ్వాళ్ళిచ్చింది, తలా ఇంత ఉప్మా పెట్టింది. వరండాలో మేం కాస్త కుదుటపడగానే, "ఎట్లాగూ కూసున్నరు గద, రాస్కోండి" అని పంచవర్ష ప్రణాళికలు మొదలుపెట్టింది. బయట నినాదాలు, లోపల రెండో ప్రణాళిక. ఇప్పటికీ నాకు ఆ ప్రణాళిక తలుచుకుంటే కళ్ళు మండుతాయి.

*

మా సంస్థ యజమాని ఒకప్పుడు నారాయణగూడ కాలేజీలో ఆమె దగ్గరే ఇంటర్ చదివాడు. అతనిది మా పక్క ఊరే. ఆమెను పిలిచి ఉద్యోగమిచ్చింది అతనే. ఆమె అతన్ని నువ్వు అనేది, అతను లేచి నిలబడి మాట్లాడేవాడు. అందుకే ఆ తర్వాత అతను చేసింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆమె పాఠాలన్నీ పుస్తకంగా వేస్తామన్నాడు. ఆమె ఎండాకాలమంతా కూర్చుని రాసిచ్చింది. పుస్తకం వచ్చిన రోజు అట్టమీద ఆమె పేరు బంగారు రంగులో ఉంది. వెనక అట్టమీద నిండుగా ఒక ప్లాట్ల వెంచరు ప్రకటన. హాలంతా చప్పట్లు కొట్టాం. ఆమె సిగ్గుపడి, "చప్పట్లు చాలు, రాజధాని ఆర్థిక స్వరూపం చాప్టర్ తియ్యండి" అంది.

సుజాత లేచి చదివింది. "పూర్వం హైదరాబాద్ ముత్యాలకు, బిర్యానీకి మాత్రమే పేరుపొందిన సోమరి పట్టణం. చెప్పుకోదగిన పరిశ్రమలు లేవు. ఇక్కడి ప్రజలలో పని సంస్కృతి లోపించింది. బయటి పెట్టుబడి రాకతో..."

"ఆగు" అంది మేడమ్. "ఏ పుస్తకం చదువుతున్నవ్?"

"ఇదే మేడమ్."

"ఎవరు రాసిండ్రు అది?"

సుజాత పుస్తకం మూసి అట్ట చూసింది. మళ్ళీ తెరిచింది. "మీ పేరే ఉంది మేడమ్" అంది చివరికి.

ఆమె అద్దాలు తియ్యలేదు. సుజాత చేతిలోంచి పుస్తకం తీసుకుని నిలబడి ఆ అధ్యాయమంతా చదువుకుంది. చదవటం అయ్యాక పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. మేమూ మెట్లమీదికి చేరాం. కింద యజమాని గది తలుపు తెరిచే ఉంది.

"మా నాయనను సోమరి అని నా పేరు మీద రాపిస్తవా?"

"మేడమ్, జర కూసోండి, పరేషాన్ కాకండి. అది మీ నాయన గురించి కాదు. జనరల్‌గ..."

"ఎవరు రాసిండ్రు?"

"మన ఎడిటింగ్ పిల్లలు చిన్నగ మార్చిండ్రు. పరీక్షల గిట్లనే అడుగుతున్నరు మేడమ్. పిల్లలకు నౌకరి కావాలె గని చరిత్ర ఎందుకు?"

"ఎనుక అట్టమీద ప్లాట్లు అమ్మేటోనికి ఏం కావాలె? అది గూడ చెప్పు."

అతను నవ్వాడు. "అంత దూరం ఆలోచించకండి మేడమ్. మీకు కూడ మంచిదే, మస్తు కాపీలు పోతయ్."

"నా పేరు తీసెయ్."

"ప్రింటయిపోయినయి. ఎట్ల తీస్తం?"

"నేనే తీస్త" అని బయటికొచ్చింది.

*

మర్నాడు పొద్దున పుస్తకాలమ్మే కౌంటరు ముందు, ఫుట్‌పాత్ మీద, ఆమె ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. చేతిలో నల్ల స్కెచ్ పెన్ను. పుస్తకం కొనుక్కుని వస్తున్న ప్రతి ఒక్కరినీ ఆపి, "బిడ్డా, జర పుస్తకమియ్యి" అని తీసుకుని, అట్టమీద పేరు కొట్టేసి, లోపల పేజీలో పేరు కొట్టేసి, ఇచ్చేది. "చదువుకో. గని అది నేను రాయలేదు" అనేది. అంతే. గొడవ లేదు, నినాదం లేదు.

కొందరు విసుక్కున్నారు. కొత్త పుస్తకం ఖరాబు చేస్తున్నారని ఒకడు లాక్కుపోయాడు. ఎక్కువమంది ఇచ్చారు. మధ్యాహ్నానికి లైబ్రరీలో చదువుకునే పాత విద్యార్థులు కూడా తాము కొన్న పుస్తకాలు పట్టుకుని వచ్చి లైను కట్టారు. బంగారు రంగు పేరుమీద నల్లగీత గీసేటప్పుడు ఆమె ప్రతిసారీ ఒక్క క్షణం ఆగటం పక్కనే నిలబడి చూశాను. జీవితంలో ఆమె పేరుతో వచ్చిన ఒకే ఒక్క పుస్తకం అది.

రెండో రోజు యజమాని పోలీసును పిలిపించాడు. వచ్చిన కానిస్టేబుల్ కుర్రవాడు. ఎస్సై పరీక్ష రాస్తున్నవాడు. "లేవండి మేడమ్, కంప్లైంటొచ్చింది" అన్నాడు తల గీక్కుంటూ. ఆమె లేచింది. కుర్చీ ఎత్తి నాకు అందించింది. అతను బండి పెట్టెలోంచి తన పుస్తకం తీసి, కౌంటరు వైపు చూడకుండా ఆమె ముందు పెట్టాడు. "నాది గూడ కొట్టేయండి."

అదే సాయంత్రం సుజాత ఆమెను అడిగింది. మేమందరం అడగాలనుకుని అడగలేనిది. "మేడమ్, పరీక్షల ఈ ప్రశ్న వస్తే ఏం రాయాలె? మీరు చెప్పింది రాస్తే మార్కు పోతది గద."

వాళ్ళ గల్లీ మొదట్లో ఉన్నాం. ఎదురుగా మెట్రో స్తంభాల కోసం రోడ్డు తవ్వి పెట్టారు.

"వాళ్ళ ఆన్సర్ కీల ఏముంటే అదే పెట్టు" అంది. "మీ అవ్వ బీడీలు చేసి పంపిస్తున్నది నిన్ను. మార్కు పోగొట్టుకోకు. పెట్టి రా." తవ్విన రోడ్డు వైపు తిరిగింది. "నిజం తెలిసిన పిల్లతోని అబద్ధం రాయిపిచ్చుడు నా బతుకుల వస్తదనుకోలే."

సుజాత ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఎవరినైనా కొట్టాలనిపించింది.

ఆమెను తీసేశారు. అశోక్‌నగర్‌లో ఇంకే సంస్థా పిలవలేదు. యజమానులు యజమానులు ఒకటి. ఇంటి వరండాలోనే చెప్పటం మొదలుపెట్టింది. నేనూ, సుజాతా, ఇంకొంతమందీ పోయేవాళ్ళం. సుజాతకు జూనియర్ అసిస్టెంటు ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయింది. నాకు రాలేదు. నేను హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లలకు ఎకానమీ చెప్పుకుంటూ కిరాయి కట్టుకునేదాన్ని.

*

రెండువేల పద్నాలుగులో రాష్ట్రం వచ్చింది. అశోక్‌నగర్ రంగులతో నిండిపోయింది. మేడమ్ కూడా మిఠాయి పంచింది. మమ్మల్ని చూసి నవ్వింది. అంత నిండుగా నవ్వటం నేను అంతకుముందు చూడలేదు.

కొన్ని వారాలకు ఒక సాయంత్రం మేం వరండాలో ఉండగా పాత యజమాని వచ్చాడు. శాలువా, పెద్ద స్వీట్ల డబ్బా. శాలువా ఆమెకు కప్పబోతే పక్కకు జరిగింది.

"పాతయి మనసుల పెట్టుకోకండి మేడమ్. మన రాష్ట్రం మనకొచ్చింది. సిలబస్ మొత్తం మారుతదట. ఇప్పుడు మీ చాప్టరే అందరికి కావాలె. మీరు చెప్పిన ఫ్యాక్టరీలు, సైరన్లు, అన్ని. మీ పేరు ఇంకా పెద్దగ ఏస్త."

"నేను రాసిచ్చింది రాసిచ్చినట్టు ఏస్తవా?"

"ఏస్త మేడమ్. జర ఒకటి రెండు..." చేతులు నలుపుకున్నాడు. "అప్పటి హైదరాబాద్ బంగారం లెక్క ఉండె, ఎవ్వరికి ఏ కష్టం లేకుండె, బయటోళ్ళొచ్చి అంతా ముంచిండ్రు. గిట్ల గట్టిగ ఉండాలె. పిల్లలు గదే కోరుతున్నరు."

ఆమె అద్దాలు తీసింది.

"మొన్న ఏం లేకుండె అని రాపిచ్చినవ్. ఇయ్యాల అన్ని ఉండె అని రాయమంటున్నవ్. నీకు ఊరు తెల్వది, సరుకు తెలుసు. మా నాయనకు కుడిచేతి ఏళ్ళు రెండు మిషన్ల పోయినయి. బయటోళ్ళు కోసిండ్రా అవి? మనోళ్ళ కార్ఖాననే, మనోళ్ళ కాలమే. కట్టుకట్టి మల్ల వారమే పనికి పిలిచిండ్రు. ఆ పక్క షెడ్డుల ఆడోళ్ళకు మొగోళ్ళ జీతంల సగం. మూసిన ఫ్యాక్టరీల భూములు అమ్ముకొని కోట్లు ఏసుకున్నోళ్ళు ఏ ఊరోళ్ళో నీకు తెల్వదా? సగం మంది మన గల్లీలోళ్ళే. అది ఏస్తవా?"

అతను మా వైపు చూసి, ఆమె వైపు చూసి, "మీరు మారరు మేడమ్" అన్నాడు.

"పో."

అతను మెట్లు దిగాక నేనే నోరు తెరిచాను. "మీరు రాయకుంటే ఇంకెవరో రాస్తరు మేడమ్. మీరు రాస్తే సగమన్న నిజముంటది గద."

"సగం నిజం మీదనే ఈ ఊరిని ఇన్నిసార్లు అమ్మిండ్రు" అంది. కోపం నా మీదికే మళ్ళింది. "ఆ డబ్బా ఇచ్చి రాపో."

స్వీట్ల డబ్బా పట్టుకుని కిందికి పరిగెత్తాను. అతను అప్పుడే కారు తలుపు తీస్తున్నాడు. డబ్బా అందుకోకుండా నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వు జనగామ పిల్లవు గద? హాస్టల్ల ఎకానమీ బాగ చెప్తవని విన్న. మేడమ్ నోట్సు మొత్తం నీ దగ్గరుంటది. నువ్వు రాయి. పేరు నీదే ఏస్త. నెలనెల జీతం."

నాకు ఆ నెల హాస్టల్ కిరాయి లేదు. ఇంటి దగ్గర పెళ్ళి మాటలు మొదలుపెట్టారు, ఏదో ఒక పని దొరికితే ఇంకో ఏడాది ఆగుతారు. అతనికి ఇవన్నీ తెలుసు. అశోక్‌నగర్‌లో అతనిలాంటివాళ్ళు బతికేది ఇవి తెలుసుకునే. అతని మొహంలో నా మీద ద్వేషమేమీ లేదు, సాయం చేస్తున్నానన్న తృప్తి ఉంది. స్వీట్ల డబ్బా కారు సీటుమీద పెట్టాను. పెట్టాననుకున్నాను గాని విసిరినట్టున్నాను, మూత ఊడి లడ్డూలు సీటంతా దొర్లాయి.

"రాయను" అన్నాను. ఇంకా చాలా అనాలనుకున్నాను. ఆ ఒక్క మాటే వచ్చింది.

పైకి వచ్చేసరికి మేడమ్ మళ్ళీ బోర్డు దగ్గరుంది. "ఇచ్చినవా?" అంది.

"ఇచ్చిన."

ఏం జరిగిందో అడగలేదు. నేనూ చెప్పలేదు. నా చేతికంటిన నెయ్యి చూసి, కొంగు చివర ఇచ్చి తుడుచుకోమంది.